నమ్మకమునకు పరీక్ష పెట్టువారెవరు?



పాతకాలపు ప్రేమకథలు మంచివనియు, నేటి కథలే చెడ్డవనియు మన సంఘములలో పెద్దలు తరచుగా చెప్పుచుందురు. ఆ మాట ఒప్పుకొనుటకు నాకు మనస్సు రాదు. ఇటీవల మన కాలేజీ పిల్లల ఫోనులలోనికి అమెరికా దేశపు పాత ప్రేమ బొమ్మల కథలు వచ్చిచేరినవి. ఇంగ్లీషు అలవడుటకు చదువుచున్నామని వారు చెప్పుదురు. "ఇందులో దోషమేమున్నది, అయ్యగారూ? ఒక ముద్దు తప్ప మరేమియు లేదు, చివరకు పెండ్లియే గదా" అని ఒక తల్లి నన్నడిగినది. నేను ఆ కథలను కొన్ని కూర్చుండి చదివితిని. దోషము ముద్దులో లేదు. ఆ ముద్దుకు ముందు జరుగు పరీక్షలో ఉన్నది. నాకు ఈ నెల వేరొక అంశము నియమింపబడినను, దానిని ప్రక్కనబెట్టి దీనిని గూర్చియే వ్రాయుచున్నాను.

ఈ కథల పుట్టుక తెలియని వారికొరకు కొంచెము చెప్పవలెను. 1947లో జో సైమన్, జాక్ కర్బీ అను ఇద్దరు న్యూయార్కులో "యంగ్ రొమాన్స్" అను బొమ్మల పత్రికను ప్రారంభించిరి. యుద్ధకాలమున పిల్లలు వెర్రిగా చదివిన "కెప్టెన్ అమెరికా" అను వీరుని కల్పించినవారును వీరే. యుద్ధము ముగిసినది, వీరుల కథలు కొనువారు తగ్గిరి, కావున వారు యువతులకొరకు ప్రేమకథలు గీసిరి. వెల పది సెంట్లు. అవి లక్షలకొలది ప్రతులు అమ్ముడుపోగా తక్కిన ప్రచురణకర్తలు వెంటబడిరి. 1950 నాటికి వందకు పైగా పేర్లతో అట్టి పత్రికలు అంగళ్లలో వ్రేలాడుచుండెను. "యంగ్ రొమాన్స్" మాత్రము 1975 వరకు బ్రదికినది. మూతబడిన కంపెనీల పుస్తకములు నేడు హక్కుదారు లేక అంతర్జాలములో ఉచితముగా దొరకుచున్నవి. ఉచితముగా దొరకు వస్తువు మన పిల్లలను చేరుటకు ఎంతసేపు పట్టును?

మన తెలుగుదేశములో వీటికి చుట్టములు లేకపోలేదు. 1960లలో వారపత్రికలకొరకు, మాసపత్రికలకొరకు అద్దె పుస్తకముల అంగడిముందు నిలువబడిన మన తల్లులకును అక్కలకును యద్దనపూడి సులోచనారాణి గారి "సెక్రటరీ" ఎట్టిదో నేను చెప్పనక్కరలేదు. కారుగల పొడగరి నాయకుడు, ఆత్మాభిమానముగల పేద యువతి, వారి నడుమ అపార్థములు. ఆ నవల 1976లో సినిమాగా కూడ వచ్చినది. ఆమె తన పాఠకురాండ్రకు చదువు మీద ఆశ, తమమీద తమకు గౌరవము కలిగించినదని నేను ఒప్పుకొందును. ఆమెను తిట్టుట నాకు ఇష్టము లేదు. అమెరికా బొమ్మల కథ సంగతి వేరు.

ఆ కథలో నేనని చెప్పుకొనునది దాదాపు ఎల్లప్పుడును ఒక యువతియే. తన తప్పిదమును తానే ఒప్పుకొనుచున్నట్లు కన్నీళ్లతో మొదటి గడిలో కనబడును. ఆమె ఎదుట ఇద్దరు పురుషులుందురు: ఒకడు ధనవంతుడు, ఒకడు పొరుగింటి సామాన్యుడు, లేక ఒకడు దూరదేశమున సైనికుడు, ఒకడు ఊరిలో నాట్యమాడువాడు. ఏడెనిమిది పుటలలో ఆమె ఏడ్చి, తడబడి, చివరి గడిలో ఒకని కౌగిట చేరును. ఇవి నిజకథలన్న పేరుతో అమ్ముడుపోయినవి. వ్రాసినవారును గీసినవారును ఎక్కువమంది పురుషులు, దినమునకు ఇన్ని పుటలని కూలికి పనిచేసినవారు. పాపపు ఒప్పుకోలు అనునది ఏమిటో మనము కొంచెము ఎరుగుదుము గదా. ఒక స్త్రీ చేయని ఒప్పుకోలును ఒక పురుషుడు తయారుచేసి, మరియొక స్త్రీకి పది సెంట్లకు అమ్ముట నాకు మొదటినుండి ముల్లువలె గ్రుచ్చుకొనినది.

ఇప్పుడు పరీక్షకు వత్తము. కొరియా యుద్ధము జరుగుచుండగా, 1951 మొదలు 1953 వరకు, సెయింట్ జాన్ అను కంపెనీవారు "వార్‌టైమ్ రొమాన్సెస్" అను పత్రికను నడిపిరి. ఆ కంపెనీ ప్రేమకథలకు మ్యాట్ బేకర్ అను నల్లజాతి చిత్రకారుడు గీసిన బొమ్మలు మిక్కిలి అందమైనవి. (అతడు 1959లో, నలువది నిండకమునుపే, చనిపోయెను. అతడు గీసిన ప్రేమకథలలో తెల్లవారే గాని అతని జాతివారు కనబడుట అరుదు. ఆ అన్యాయమునకు వేరొక వ్యాసము కావలెను.) యుద్ధకాలపు ప్రేమకథలో ప్రశ్న ఒక్కటే: అతడు తిరిగి వచ్చువరకు ఆమె నిలుచునా? అతడు అక్కడ నిలిచెనా అని అడుగు కథ బహు తక్కువ. యుద్ధములేని కథలలోనైతే ప్రియుడే పరీక్షాధికారి యగును. తన ధనము దాచి పేదవానివలె నటించును. ఆమె అసూయపడునో లేదో చూచుటకు వేరొకతెను వెంటబెట్టుకొని వచ్చును. స్నేహితుని పంపి ఆమెను ఆశపెట్టించును. ఆమె గెలిచినచో నవ్వుచు సంగతి బయటపెట్టును. ఆమె కూడ కన్నీళ్లు తుడుచుకొని నవ్వును. అంతటితో కథ సరి. ఎన్నడైనను ఒక యువతి ఆ చివరి గడిలో లేచి, "నీవు ఇన్నాళ్లు నాతో అబద్ధమాడితివా?" అని అడిగిన కథ నాకు కనబడలేదు.

పాత కథలు పవిత్రమైనవని వాదించువారు 1954 నాటి నియమావళిని చూపుదురు. ఆ సంవత్సరము ఫ్రెడ్రిక్ వెర్తామ్ అను మానసికవైద్యుడు బొమ్మల పుస్తకములు పిల్లలను చెరుపుచున్నవని గ్రంథము వ్రాసెను. అమెరికా సెనేటు ఉపసంఘము విచారణ జరిపెను. భయపడిన ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి చేసికొనిరి. దాని ప్రకారము ప్రేమకథ వివాహపు పవిత్రతను నిలుపవలెను, విడాకులను మేలైనదిగా చూపరాదు, తల్లిదండ్రులయెడల గౌరవము పెంచవలెను, కోరికలను రెచ్చగొట్టరాదు. వినుటకు మన సంఘ నిబంధనలవలెనే యున్నది! అయితే చదువరీ, ఆ నియమములు దేనిని తీసివేసెనో, దేనిని విడిచెనో చూడుము. రవికె మెడ పైకి వచ్చెను. ముద్దు చిన్నదాయెను. అంతకుమునుపు కొన్ని కథలలో ఒక పిల్ల తప్పుచేసి, బుద్ధి తెచ్చుకొని, శిక్ష ఏమియు లేక ఇంటికి తిరిగివచ్చుచుండెడిది. ఆ స్వాతంత్ర్యము తగ్గిపోయెను. కాని వంచనతో కూడిన పరీక్షను ఏ నియమమును ముట్టలేదు. ప్రేమించినవానిని అబద్ధముతో శోధింపరాదని ఆ పత్రములో ఎక్కడను వ్రాయబడలేదు. శరీరమునకు వస్త్రము కప్పి, అనుమానమును దిగంబరముగా విడిచిపెట్టిరి. దీనిని పవిత్రత యనుట నాకు చేతకాదు.

ఇదంతయు ఎక్కడో అమెరికాలో డెబ్బది యేండ్ల క్రిందటి మాట, మనకేమి యందువేమో. ఈ కరవు నేలమీద అది ఏ పని చేయుచున్నదో చెప్పెదను.

మన పాత అనంతపురము జిల్లా, ఇప్పుడు అనంతపురము, శ్రీ సత్యసాయి అను రెండు జిల్లాలుగా నున్నది, సాలునకు సగటున 550 మిల్లీమీటర్ల వానతో బ్రదుకు నేల. ఆ వానయు వేళకు రాదు. జూన్, జూలైలలో వేరుశనగ విత్తినవాడు ఊడలు దిగువేళకు ఆకాశమువైపు చూచును. పంట పోయిన సంవత్సరము మగవాడు బెంగళూరుకు కట్టడపు పనికో, కాపలా పనికో పోవును. కదిరి, రాయచోటి వైపునుండి స్త్రీలే కువైటుకు ఇంటిపనికి పోవుదురు. ఇక్కడ వివాహము చేసికొనినవారిలో ఎంతమంది ఏటికి పన్నెండు నెలలు ఒక కప్పుక్రింద నుందురో, సంఘము పుస్తకము చూచు నాకు తెలియును. కరవు చాలు గదా పరీక్షకు! అది చాలదన్నట్లు మనవారు ఇంకొకటి పెట్టుచున్నారు.

ఒక యువకుడు బెంగళూరులో పనిచేయుచుండెను. భార్య ఇక్కడ అత్తవద్ద నుండెను. అతడు వేరొక నంబరు సంపాదించి, పరాయివాని పేరుతో, తన భార్యకే వాట్సాపులో తీపి మాటలు పంపెను. ఇట్లు రెండు నెలలు. ఆమె ఒక్కసారి మాత్రము, నీవెవరో నాకు తెలియదు, మరల పంపినచో మా ఆయనకు చెప్పుదునని జవాబిచ్చి ఆ నంబరును ఆపివేసెను. అతడు పండుగకు వచ్చి, నలుగురిలో నవ్వుచు సంగతి చెప్పెను. తన భార్య బంగారమని పొగడెను. నాతో కూడ సంతోషముగానే చెప్పెను. సినిమాలలోను కథలలోను ఇట్లే జరుగును, చివరకు నాయిక సిగ్గుపడి నవ్వును. ఆమె నవ్వలేదు. వంట చేసెను, వడ్డించెను, ఎనిమిదవనాడు పుట్టింటికి పోయెను. నేను మాటలాడుటకు పోయినప్పుడు ఆమె నాతో అన్నది: "పరీచ్చ పెట్టినందుకు గాదు, అయ్యగారూ. ఆ రెండు నెల్లూ పొద్దున్నే ఫోన్ జేసి తిన్నావా అని నవ్వుతా అడిగినాడే, దానికి."

చదువరీ, ఆ మాటను నేను ఏ వేదాంత కళాశాలలోను నేర్వలేదు. ఆమె తిరిగివచ్చుటకు నాలుగు నెలలు పట్టినది. పరీక్షలో గెలిచినది ఆమె, మూల్యము చెల్లించినదియు ఆమెయే.

ఇంకొక విధమైన పరీక్ష కలదు; అది స్త్రీలును పెట్టుదురు. మాటలాడకుండుట. నన్ను నిజముగా ప్రేమించినవాడైతే అడుగకయే తెలిసికొనును అని మౌనముగా నుండుట. అమెరికా చిత్రకారుడు రాయ్ లిక్టెన్‌స్టైన్ 1963లో ఒక పెద్ద చిత్రము వేసెను. అది న్యూయార్కులోని ఆధునిక కళల ప్రదర్శనశాలలో ఉన్నది. ఒక యువతి అలలలో మునిగిపోవుచు, సహాయముకొరకు ప్రియుని పిలుచుటకంటె మునుగుటయే మేలని తలంచుచుండును. ఈ బొమ్మ "సీక్రెట్ హార్ట్స్" అను ప్రేమ పత్రికలో 1962లో వచ్చిన ఒక కథనుండి తీసికొనబడినది. మూలపు బొమ్మలో ఆమె వెనుక ఆ యువకుడు కూడ ఉన్నాడు, బోల్తాపడిన పడవను పట్టుకొని వ్రేలాడుచు! గొప్ప చిత్రకారుడు అతనిని చెరిపివేసి ఆమె కన్నీటిని మాత్రము ఉంచెను. ఆ పని మనము ప్రతిదినము చేయుచున్నాము. మేస్త్రీ మూడు వారముల కూలి ఎగవేసినందున ఫోను చేయుటకు ముఖము చెల్లక కూర్చున్న భర్తను చెరిపివేసి, అతడు ఫోను చేయలేదన్న దుఃఖము నొకదానినే చూచుకొందుము. అతడును పడవను పట్టుకొనియే యున్నాడని చెప్పువారెవరు?

మన నేలకు తనదైన కథ ఒకటి కలదు. కదిరికి దాపున గూటిబయలులో ఎకరములకొలది వ్యాపించిన తిమ్మమ్మ మర్రిమాను ఉన్నది. 1989లో గిన్నిసు పుస్తకమునకు కూడ ఎక్కినది. 1434లో తిమ్మమ్మ యను స్త్రీ భర్త చితిలో ప్రవేశించినదనియు, ఆ చితికి నాటిన గుంజ చిగిర్చి ఈ వృక్షమాయెననియు చెప్పుదురు. ఆ చెట్టును గౌరవించు మన పొరుగువారిని నేను నిందింపను. ఆ నీడలో నేనును కూర్చుంటిని. అయితే ఆమె భర్త కుష్ఠువ్యాధితో బాధపడెననియు, ఆమె అతనికి సేవచేసెననియు కూడ చెప్పుదురు. పుండ్లు కడిగి, గుడ్డలు మార్చి, అందరు దూరమైనవానికి అన్నము పెట్టిన ఆ దినములు ఎన్ని? ఆ దినములకు ఏ గుడియు లేదు, ఏ పాటయు విశేషముగా లేదు. లోకము అగ్నిని జ్ఞాపకముంచుకొనినది. అమెరికావాని చివరి గడియు మన చితియు ఇక్కడ ఒక్కటే పని చేయుచున్నవి: ఏండ్ల నమ్మకమును ఒక నిమిషపు ఋజువుగా కుదించి, ఆ ఋజువును స్త్రీవద్దనే అడుగుచున్నవి.

మన గ్రంథములో అట్టిది లేదా అని ఎవరైన నన్నడిగినచో, ఉన్నదని చెప్పుదును. సంఖ్యాకాండము అయిదవ అధ్యాయము తెరచి చూడుము. రోషము పుట్టిన భర్త సాక్ష్యము లేకయే భార్యను యాజకునియొద్దకు తెచ్చి చేదునీళ్లు త్రాగించు విధి అక్కడ కలదు; భార్య తెచ్చి భర్తకు త్రాగించు విధి లేదు. దీనిని దాచి, ఇతరుల అగ్నిని మాత్రము చూపువాడు న్యాయము చేయుటలేదు. కాని మత్తయి సువార్త మొదటి అధ్యాయములోని వడ్రంగిని కూడ చూడుము. అతనికి అనుమానమునకు కారణము కలదు; ఊరును ధర్మశాస్త్రమును అతని పక్షమున నుండెను. మరియను నలుగురిలో నిలువబెట్టుట అతని చేతిలోని పని. అతడు అట్లు చేయనొల్లడాయెను. దేవదూత మాట వినుటకు ముందే ఒల్లడాయెను, ఇది గమనింపదగినది. సంగతి తెలియని రాత్రియందే అతడు ఆమెను బజారున పెట్టకూడదని నిశ్చయించుకొనెను.

"అయితే వ్యభిచారమే లేదా? మోసపోయి ఊరకుండవలెనా?" అని మగవారు నన్ను గద్దింతురు. ఉన్నది. నేను ఎరుగుదును, మీకంటె ఎక్కువగా ఎరుగుదును. సంగతి కనబడినప్పుడు ఎదుట కూర్చుండి అడుగుడి. కావలసినచో ఒక పెద్దను పిలుచుకొనుడి. లేని సంగతిని పుట్టించుటకు వల వేయవద్దు. వల వేసినవానికి ఏదో ఒకటి చిక్కును. చిక్కనిచో వల ఇంకను పెద్దది చేయును.

ఈ పుస్తకములను నిషేధింపుమని కూడ నేను చెప్పుటలేదు. 1948లో న్యూయార్కు రాష్ట్రమందలి బింగమ్టన్ అను పట్టణములో బడిపిల్లలచేత బొమ్మల పుస్తకములను కుప్పపోయించి కాల్పించిరి. అది ఒక సంఘపు బడి. ఆ మంటలో కాలినది కాగితము మాత్రమే. మన ఆడపిల్లలు చదువవచ్చును. అయితే ప్రక్కనే మన తెలుగు కథలను కూడ పెట్టి చూడవలెను. "వార్‌టైమ్ రొమాన్సెస్" మొదలైన 1951లోనే బి.ఎన్. రెడ్డి గారి "మల్లీశ్వరి" వచ్చినది. మన పెనుకొండవారు తమదని చెప్పుకొను రాయలవారి కాలపు కథ. నాగరాజు వేళాకోళముగా అన్న ఒక మాటవలన రాణివాసపు పల్లకి వచ్చి మల్లిని తీసికొనిపోవును. వారికి వచ్చిన పరీక్ష రాజుగారినుండి వచ్చినది, ఒకరినొకరు శోధించుకొనలేదు. రంగనాయకమ్మ గారి "బలిపీఠం"లోనైతే దళిత యువకుడును బ్రాహ్మణ వితంతువును పెండ్లిచేసికొనిన తరువాతనే అసలు కథ మొదలగును. కులగర్వము వంటయింటిలోనికి ఎట్లు వచ్చునో అందులో చూడవచ్చును. ఆ రచయిత్రికిని నాకును విశ్వాసమునుగూర్చి ఏకాభిప్రాయము లేదు. అయినను వధువులకు చదువుమని ఇచ్చుటకు ఆ పుస్తకము నా బల్లమీద నుంచితిని.

పెండ్లి ప్రకటనకు పేర్లు వ్రాయించుకొనుటకు వచ్చు జంటను ఒకరినొకరు ప్రేమించుచున్నారా అని నేనిప్పుడు అడుగుట మానితిని. అందరును అవుననియే చెప్పుదురు. శనగ పోయిన సంవత్సరము ఎవరు పోవుదురు, ఎవరు ఉందురు, కూలి డబ్బు ఎవరిచేతికి వచ్చును, వారమునకు ఎన్ని దినములు మాటలాడుదురు, ఫోనులో డబ్బు లేనిచో ఎవరిద్వారా కబురు పంపుదురు అని అడుగుచున్నాను. పెద్దలు కొందరు ఇది అపశకునపు మాటయని మొగము ముడుచుకొందురు. మొన్న ధర్మవరము వైపునుండి వచ్చిన ఒక వరుడు చాలసేపు ఆలోచించి, వధువువైపు తిరిగి, "నా ఫోన్ నంబర్లన్నీ నీకిచ్చి పోతా, ఎప్పుడన్నా చూసుకో" అన్నాడు. ఆ పిల్ల తల యెత్తక, "నీ నంబర్లు నాకేల? చార్జర్ మర్సిపోకుండా ఎత్తుకపో" అన్నది. వారి ప్రకటన రెండుసార్లు చదివితిని. మూడవది వచ్చే ఆదివారము.